వేళ్ళు విడదీసి ఎత్తిన చెయ్యి

(రేడియో సందేశము. వాక్యభాగము: సంఖ్యాకాండము 6:22-27)

కడియంలో ఒక చిన్న సంఘమునకు పరిచర్య చేస్తున్న మీ సహోదరుణ్ణి మాట్లాడుతున్నాను. ఈ వేళప్పుడు నర్సరీల్లో మొక్కలకు నీళ్ళు పెడుతూ, పక్కన రేడియో పెట్టుకొని వింటున్న అక్కలు, చెల్లెళ్ళు కొందరున్నారని నాకు తెలుసు. మీకు ప్రత్యేకంగా వందనాలు.

ఈ దినమున ఒక టి.వి. సీరియల్ గురించి మాట్లాడబోతున్నాను. "ఇదేమిటండీ అయ్యగారు, వాక్యం చెప్పమంటే సీరియల్ చెబుతారు?" అని కొందరు రేడియో కట్టేయవచ్చు. కాసేపు కట్టకండి. ఈ సీరియల్ మా ఇంట్లో నలభై ఏళ్ళపాటు మానని గాయమైంది. దానిని నేను మొదటిసారి చూసింది మాత్రం నిరుడు వేసవిలోనే.

దాని పేరు 'స్టార్ ట్రెక్'. అమెరికాలో 1966 సెప్టెంబరు 8న మొదలై 1969 జూన్ వరకు 79 భాగాలుగా వచ్చింది. ఎంటర్‌ప్రైజ్ అనే ఓడలో కొందరు మనుష్యులు నక్షత్రాల మధ్య తిరుగుతూ, కొత్త లోకాలను చూస్తూ పోతారు. కెప్టెన్ పేరు కర్క్. ఆయన పక్కన స్పాక్ అనే అధికారి ఉంటాడు. మొనదేలిన చెవులు, నవ్వు ఎరుగని ముఖం. తల్లి మన భూమి స్త్రీ, తండ్రి వేరే లోకపువాడు. 1980ల మధ్యలో మన దూరదర్శన్‌లో ఈ సీరియల్‌ను ఇంగ్లీషులోనే వేసేవారు. ఎప్పుడో తెలుసా? ఆదివారం ఉదయం!

అర్థమైంది కదూ. ఆదివారం ఉదయం అంటే సండే స్కూలు, ఆ వెంటనే ఆరాధన. మా నాన్నగారు సంఘ పెద్ద. గంట కొట్టేది ఆయనే, చాపలు పరిపించేది ఆయనే. ఆయన పిల్లలు ముందు వరుసలో కూర్చోవాలి. అన్నయ్యకు అప్పుడు పదమూడేళ్ళు, నాకు ఏడు. సండే స్కూల్లో పేరు పిలిపించుకొని, పాట మొదలవగానే అన్నయ్య వెనక గుమ్మం గుండా జారుకునేవాడు. ఒక నర్సరీ ఆసామి ఇంట్లో టి.వి. ఉండేది. కిటికీ చువ్వలు పట్టుకొని బయట నిలబడి చూసి, ముగింపు ప్రార్థన వేళకు తిరిగి వచ్చేవాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదట. అయినా వెళ్ళేవాడు.

ఒక ఆదివారం సాయంత్రం పెరట్లో నన్ను కూర్చోబెట్టి చెయ్యి ఎత్తి చూపించాడు. చూపుడువేలు, నడిమివేలు ఒక పక్క, ఉంగరపువేలు, చిటికెనవేలు ఒక పక్క, మధ్యలో చీలిక. "స్పాక్ ఇలా దండం పెడతాడురా" అన్నాడు. నేనూ చేయబోయాను. వేళ్ళు విడలేదు. ఎంత లాగినా విడలేదు. నాకు కోపం వచ్చింది.

రాత్రి నాన్నగారితో చెప్పేశాను. "అన్నయ్య గుడి ఎగ్గొట్టి టి.వి. చూస్తున్నాడు. చేత్తో దయ్యాల సైగ చేస్తున్నాడు." ఆ 'దయ్యాల' అన్న మాట నేనే కలిపాను. మొక్కలకు ఊతంగా పాతే వెదురు బద్దతో నాన్నగారు అన్నయ్య అరచేతి మీదనే కొట్టారు. మరుసటి ఆదివారం సంఘమంతటి ఎదుట మోకాళ్ళ మీద నిలబెట్టి క్షమాపణ చెప్పించారు. నిజం చెప్పినందుకు నాకు ఒక పావలా ఇచ్చారు. వెండి నాణెములు ముప్పది కావు, ఒక్క పావలా.

పదిహేనో ఏట అన్నయ్య గుడికి రానన్నాడు. మళ్ళీ రాలేదు. చదువుకున్నాడు, విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు, భార్యాపిల్లలను ప్రేమగా చూసుకుంటాడు. నాన్నగారు బ్రతికినంత కాలం ఉదయ ప్రార్థనలో పెద్ద కొడుకు పేరు ఎత్తని రోజు లేదు. కన్నీళ్ళతో ఎత్తేవారు. అయితే ప్రియులారా, అంత ప్రార్థించిన మా ఇంట్లో ఒక్కరమైనా అన్నయ్యను "ఆ కిటికీలో నువ్వు ఏం చూశావురా?" అని అడగలేదు.

నాన్నగారు ప్రభువునందు నిద్రించి ఏడాది అయినప్పుడు, నిరుడు మే నెలలో, జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. అన్నయ్య వచ్చాడు. కూడిక జరుగుతున్నంతసేపూ వీధి అరుగు మీద కూర్చున్నాడు. ఆ రాత్రి కరెంటు పోయి అందరూ డాబా మీద పడుకున్నారు. నాకు నిద్ర పట్టలేదు, అన్నయ్యకూ పట్టలేదు. లాప్‌టాప్ తెచ్చి, "చూస్తావేంట్రా చిన్నోడా, నీకు పాపం అంటదులే" అన్నాడు. చూశాను. వరుసగా నాలుగు రాత్రులు చూశాను.

మొదట నాకు నవ్వొచ్చింది. బండరాళ్ళు అట్టలతో చేసినట్టు తెలిసిపోతున్నాయి. ఇంకో లోకపు ఆకాశమంటే గోడకు వేసిన రంగే. మా కడియపులంక పెళ్ళి మండపాల సెట్టింగు దానికంటే గట్టిగా ఉంటుంది. అయితే రెండో రాత్రి 'ద డెవిల్ ఇన్ ద డార్క్' అనే భాగం వేశాడు. 1967 నాటిది. ఒక లోకంలో గని కార్మికులను ఏదో మృగం చంపుతుంటుంది. యాభైమందికి పైగా పోయారు. దానిని చంపడానికి కర్క్, స్పాక్ సొరంగాల్లోకి దిగుతారు. చివరికి స్పాక్ ఆ గాయపడిన మృగం మీద చేతులుంచి, దాని బాధను తన బాధగా అనుభవించి, దాని మనసు తెలుసుకుంటాడు. అది ఒక తల్లి! గనిలో గుండ్రని రాళ్ళనుకొని కార్మికులు వేలకొద్దీ పగలగొట్టినవి దాని గుడ్లు. సంగతి తెలిశాక ఆ కార్మికులే ఆయుధాలు దించుతారు, వైద్యుడు దానికి కట్టు కడతాడు. నేను అన్నయ్య వైపు చూడలేకపోయాను. మా ఇంట్లో దయ్యమని పేరు పెట్టింది ఎవరు?

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ సీరియల్‌ను రూపొందించిన జీన్ రాడెన్‌బెర్రీ బాప్టిస్టు కుటుంబంలో పెరిగి, తరువాత విశ్వాసమును విడిచినవాడు. మనుష్యుడు తన బుద్ధితోనే మంచివాడవుతాడని ఆయన నమ్మకం. నేను దానికి ఒప్పుకోను. ఒక్క పావలాకు ఏడేళ్ళ పిల్లవాడు ఏం చేయగలడో నాకు తెలుసు. అయినా దేవుడు ఎవరి నోట ఏ మాట పలికిస్తాడో మనం హద్దులు గీయలేము. 1968 మార్చిలో వచ్చిన 'బ్రెడ్ అండ్ సర్కసెస్' అనే భాగంలో, పాత రోమా సామ్రాజ్యం వంటి ఒక లోకంలో కొందరు దాసులు సహోదర ప్రేమను బోధిస్తూ శ్రమపడుతుంటారు. వారు సూర్యుణ్ణి పూజిస్తున్నారని ఓడలోని వారందరూ అనుకుంటారు. ఇంగ్లీషులో సూర్యుడన్నా కుమారుడన్నా ఒకే రకంగా వినిపిస్తుంది, మన తెలుగులో ఆ చిక్కు లేదు. చివరికి ఉహురా అనే నల్లజాతి అధికారిణి సంగతి గ్రహిస్తుంది: వాళ్ళు చెప్పేది దేవుని కుమారుని గురించి! ఆమెకు ఎలా తెలిసింది? ఆ లోకపు రేడియో వింటూ కూర్చుంది కనుక. రేడియో పరిచర్య చేసే నాకు ఈ సంగతి ఎంత సంతోషం కలిగించిందో చెప్పనక్కరలేదు.

ఆ ఉహురా పాత్ర వేసిన నిషెల్ నికోల్స్ మొదటి సంవత్సరం అయ్యాక మానేద్దామనుకున్నదట. ఒక సభలో ఒక పాస్టరుగారు ఎదురై, మానవద్దని చెప్పారని, తన భార్య తాను పిల్లలను రాత్రి మేలుకొని చూడనిచ్చే కార్యక్రమం అదొక్కటేనని అన్నారని ఆమె చాలాసార్లు సాక్ష్యమిచ్చింది. ఆ పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్. నల్లవారిని సమానులుగా చూపిన ఆ తెరలో ఆయన తన పిల్లలకు కావలసింది చూశాడు. అదే సీరియల్‌కు మా ఇంట్లో వెదురు బద్ద దొరికింది. మా నాన్నగారిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆదివారాన్ని కాపాడాలని ఆయన తపన. ఆ తరువాత 1987 జనవరిలో రామాయణం సీరియల్ ఆదివారం ఉదయమే మొదలై వీధులు ఖాళీ అయ్యాయి కదా, అప్పుడు ఎన్ని సంఘాలు ఆరాధన వేళలతో సతమతమయ్యాయో పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు వాక్యభాగమునకు వద్దాము. నాలుగో రాత్రి 'అమోక్ టైమ్' అనే భాగంలో స్పాక్ ఆ చెయ్యి ఎత్తాడు. అన్నయ్య ఆపి, "ఇది ఎక్కడిదో తెలుసా?" అన్నాడు. తెలియదన్నాను. "నువ్వు పాస్టరువి కదరా! సంఖ్యాకాండం ఆరో అధ్యాయం."

స్పాక్‌గా నటించిన లెనార్డ్ నిమోయ్ యూదుడు. తల్లిదండ్రులు ఉక్రెయిన్ ప్రాంతం నుండి అమెరికాలోని బోస్టన్‌కు వలస వచ్చినవారు. చిన్నతనంలో పండుగ దినాన సమాజమందిరంలో అహరోను వంశపు యాజకులు తలమీద శాలువ కప్పుకొని, వేళ్ళు అలా విడదీసి చేతులెత్తి ఆశీర్వదిస్తుంటే, అందరూ ముఖాలు కప్పుకున్నారు. చూడవద్దని తండ్రి చెప్పాడు. ఆ పిల్లవాడు దొంగచాటుగా చూశాడు. ఆ వేళ్ళ ఆకారం హెబ్రీ భాషలోని షీన్ అక్షరం. సర్వశక్తిగల దేవునికి వాడే 'షద్దాయ్' అను నామమునకు అది మొదటి అక్షరం. పెద్దయ్యాక 1967లో స్పాక్ జాతివారు పలకరించుకోవడానికి ఒక సైగ కావలసి వస్తే, నిమోయ్ ఆ చేతినే గుర్తు తెచ్చుకున్నాడు.

నేను సెమినరీలో సంఖ్యాకాండము మీద పరీక్ష రాసినవాణ్ణి. ఆ ఆశీర్వాదం హెబ్రీలో పదిహేను మాటలని, మూడు, అయిదు, ఏడుగా పెరుగుతుందని నాకు తెలుసు. 1979లో యెరూషలేము దగ్గర ఒక సమాధిలో దొరికిన చిన్న వెండి చుట్టల మీద అదే ఆశీర్వాదం చెక్కి ఉందని, మనకు దొరికిన బైబిలు మాటలలో అంతకంటే పాత రాత లేదని తెలుసు. మా అన్నయ్య అరచేతి మీద దెబ్బలు పడింది ఆ ఆశీర్వాదానికేనని మాత్రం తెలియదు. కిటికీ చువ్వల దగ్గర అన్నయ్య చెయ్యి ఎత్తిన వేళ, మా మందిరంలో పాస్టరుగారు కూడా చెయ్యి ఎత్తి అవే మాటలు పలుకుతూ ఉండి ఉంటారు.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాను. "ఇరవై ఏళ్ళయింది." "నాన్నగారితో చెప్పలేకపోయావా అన్నయ్యా?" "చెబితే ఏడుస్తాడనిపించి చెప్పలేదు."

అప్పుడు నేను చెప్పవలసింది చెప్పాను. ఆ రాత్రి నాన్నగారితో చెప్పింది నేనేనని, 'దయ్యాల' అన్న మాట నాదేనని. "నాకు తెలుసురా. పావలాతో నువ్వు నిమ్మతొనలు కొనుక్కుని నాకూ రెండు ఇచ్చావు" అన్నాడు. నాకది గుర్తు లేదు.

ప్రియులారా, అహరోనుకు ఈ ఆశీర్వాదమును ఎప్పుడు అప్పగించాడు దేవుడు? నిర్గమకాండము 32వ అధ్యాయము తరువాతే. దూడను పోత పోసిన చేతులవి. అవే చేతులను లేవీయకాండము 9:22లో జనుల వైపు ఎత్తించాడు. ఆశీర్వదించే చేతికి యోగ్యత చూసి ఉంటే అహరోను చెయ్యి ఎత్తగలిగేవాడు కాదు, నేనూ ఎత్తలేను. ఇంకొక సంగతి గమనించండి. ఆ మాటలు వినేది సమాజమంతా అయినా, హెబ్రీలో 'మిమ్మును' అని ఉండదు, 'నిన్ను' అని ఉంటుంది. ముందు వరుసలోని వానికీ 'నిన్ను', వెనక గుమ్మం గుండా వెళ్ళిపోయిన వానికీ 'నిన్ను'. మత్తయి 5:23, 24 వచనములలో ప్రభువు అర్పణమును బలిపీఠము దగ్గరే విడిచి, సహోదరుని యొద్దకు ముందుగా వెళ్ళుమన్నాడు. ఆ సహోదరుడు గుడికి వస్తాడా రాడా అన్న ప్రశ్న అక్కడ లేదు. నేను నలభై ఏళ్ళు అర్పణములు ముందు పెట్టి, వెళ్ళడం వెనక పెట్టాను.

ఈ సంగతి రేడియోలో చెప్పవచ్చా అని అన్నయ్యను అడిగాను. "చెప్పు. కాని నేను మారిపోయానని మాత్రం చెప్పకు" అన్నాడు. కనుక చెప్పడం లేదు. ఆదివారం ఉదయం మా ఆరాధన మొదలయ్యే వేళకు రాజమండ్రిలో రైలు ఎక్కాడు. ఇప్పుడు వారానికొక రాత్రి ఫోనులో, ఇక్కడ నేనూ అక్కడ ఆయనా ఒకే భాగం చూసి మాట్లాడుకుంటున్నాము. ఇంకా నలభై పైగా ఉన్నాయి.

ప్రార్థన చేద్దాము. మా తండ్రీ, ఈ ఘడియలో కుండీల మధ్య వంగి ఉన్నవారిని, లారీలకు మొక్కలు ఎక్కిస్తున్నవారిని, మందిరపు గుమ్మం దాటి వెళ్ళిన కుమారులను, వారి పేరు చెప్పి ఏడుస్తున్న తండ్రులను నీ చేతికి అప్పగించుచున్నాము. విశాఖపట్నంలో డ్యూటీకి బయలుదేరుతున్న మా అన్నయ్యను కాపాడుము. నాకు ఇంకా వేళ్ళు విడవడం లేదు ప్రభువా, వట్టి చెయ్యే ఎత్తుచున్నాను. యేసు నామమున, ఆమేన్.