తాటాకు కట్టయు, యీస్టు కణమును



రజతోత్సవ సమయమున విజ్ఞానశాస్త్ర విషయమేదైన చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. గ్రంథాలయమున మాటలాడుచున్నాను గనుక, కంటికి కానరాని యొక గ్రంథమును గూర్చి విన్నవించెదను. అది యీస్టు అను సూక్ష్మజీవిలో నున్నది. రొట్టెపిండిని పొంగించునది యీస్టే. తాటికల్లు పులియుటలోను దానికి పాత్ర కలదు. (కల్లు ప్రసక్తికి పెద్దలు కోపింపకుందురు గాక!)

యీస్టు రెండు విధముల జీవింపగలదు. గ్లూకోజు సమృద్ధిగా నున్నచో, ప్రాణవాయువు అందుబాటులో నున్నను, చక్కెరను సారాయముగా మార్చుచు కాలము గడపును. గ్లిసరిన్ వంటి ఆహారమే దొరకినచో శ్వాసక్రియ తప్పదు. శ్వాసక్రియ జరుగు తావులు కణములోని మైటోకాండ్రియాలు. వానికి సొంత డి.ఎన్.ఏ. కలదు. 1998లో దానిని ఆద్యంతము చదివిరి. సుమారు 86 వేల అక్షరజతలు. శ్వాసక్రియకు వలయు కొన్ని మాంసకృత్తుల నిర్మాణ విధానము అందు లిఖింపబడి యున్నది. ఒక్కొక్క కణమున దీనికి పదులకొలది ప్రతులుండును.

ఈ ప్రతులు విడిగా పడియుండవు. మాంసకృత్తులు వానిని చుట్టి, న్యూక్లియాయిడ్లను కట్టలుగా నుంచును. చుట్టువానిలో ముఖ్యమైనది ఏ.బి.ఎఫ్. 2. కట్టు ఎల్లప్పుడు ఒకే తీరున నుండదని 2008లో వెలువడిన పరిశోధన తెలిపెను. కణము శ్వాసక్రియపై ఆధారపడునపుడు డి.ఎన్.ఏ.తో పోల్చగా ఏ.బి.ఎఫ్. 2 పాలు తగ్గి కట్ట వదులగును. గ్లూకోజు మెండుగా నున్నపుడు బిగియును. మన పెద్దలు పఠన సమయమున తాటాకు కట్టను విప్పి, పిదప పలకల నడుమ బిగించి దారము చుట్టెడివారు గదా, ఇదియు నట్టిదే. ఆమైనో ఆమ్లములు కొరవడినపుడు ఐ.ఎల్.వి. 5 అను మరొక మాంసకృత్తు వచ్చి కట్టను చేరును. దాని అసలు వృత్తి ఆమైనో ఆమ్లముల తయారీ! కరవు కాలమున వంటవాడే వచ్చి పుస్తకములు సర్దినట్లున్నది.

ఇంత కాపుదల యెందుకు? ఏ.బి.ఎఫ్. 2 లేని కణములను గ్లూకోజుపై పెంచినచో కొద్ది తరములలోనే ఆ గ్రంథము నశించును. గ్లిసరిన్‌పై పెంచినచో నిలుచును. అచట గ్రంథహీనములు పెరుగజాలవు గనుక, కలిగినవియే మిగులును. ఇట్టి గ్రంథహీనములను మొదట గుర్తించినది పారిస్ నగరమున బోరిస్ ఎఫ్రుస్సీయు, ఆయన సహచరులును. వారు 1949లో ఆ సంగతి ప్రకటించిరి. మైటోకాండ్రియాలలో డి.ఎన్.ఏ. కలదని అప్పటికి ఎవ్వరికిని తెలియదు. తోడివానికంటె చిన్న గుంపులుగా పెరుగు యీస్టును వారు చూచిరి. అక్రిఫ్లావిన్ అను రంగు తగిలించినచో దాదాపు కణములన్నియు నట్లే మారెను. చక్కెర యున్నంతవరకు ఆ కణములకు బ్రతుకునకు లోటులేదు. గ్లిసరిన్‌పైకి మార్చినచో ఎదుగుదల నిలిచిపోవును. గ్రంథమును పూర్తిగా పోగొట్టుకొన్న కణమునకు పుట్టిన సంతతిలో నెన్ని తరములు గడచినను అది తిరిగి రాదు. ప్రతి గల వేరొక కణముతో సంయోగము జరిగిననే దాని వంశమునకు శ్వాసక్రియ మరల లభించును.