బిగిసిన దవడకు రెండవ శస్త్రచికిత్స

మూడు వ్రేళ్ళు నిలువుగా పట్టునంత నోరు తెరచుట మనకొక విశేషముగా తోచదు. చిన్ననాట గడ్డము నేలకు తగులునట్లు పడిన వారిలో, చెవి చీము లోపలికి ప్రాకిన వారిలో కొందరికి చెవి ముందరి దవడకీలు ఎముకతో అతుకుకొనిపోవును. అన్నపు ముద్ద పట్టదు, గంజియే ఆధారము.

ఆ అతుకును కోసి తీసినచో నోరు తెరచుకొనును. కాని కొందరికది మరల బిగియును. ఎముకను చాలినంత తీయకపోవుట ఒక కారణము. నొప్పికి వెరచి నోటి వ్యాయామము మానుట వేరొకటి. శ్రీకాకుళము నుండియో, మన్యము నుండియో విశాఖపట్నము వచ్చి చికిత్స చేయించుకొని ఇల్లు చేరిన పిదప, ఏడ్చు బిడ్డ పళ్ళ నడుమ చెక్కపుల్లలు దూర్చుటకు ఏ తల్లికి చేతులాడును? తప్పు ఆమెదని మేమనజాలము. ఆ పని కనీసమొక ఏడాది సాగవలెనని కోతకు ముందే ఆమెకు చెప్పవలసినది.

రెండవమారు కోత మొదటిదానివంటిది కాదు. పాత మచ్చలో ముఖనరమును గుర్తించుట కష్టము. అది తెగినచో కనురెప్ప మూతపడదు. నోరు తెరవని రోగికి మత్తు గొట్టమును సైతము ముక్కుగుండ పంపవలెను. కొత్త సాధనమన్నంత మాత్రమున నమ్మరాదు: 1980 దశకమున అమెరికాలో అనేకులకు అమర్చిన టెఫ్లాను పొరలు అరిగి, చుట్టునున్న ఎముకనే తినివేసినవి. వానిని తీయుటకే మరల కోతలు పడినవి.

కనుక రెండవమారు సమ్మతించుటకు ముందు వైద్యుని అడుగుడు: మొదటిది ఏల చెడినది? సి.టి. చిత్రమున ఏమి కనబడినది? ఎముకల నడుమ ఏమి ఉంచెదరు? పిమ్మట దినమునకు ఎన్ని పుల్లలు పట్టినవో గోడపై వ్రాయుచుండుడు; ఒకటి తగ్గిననాడే ఆసుపత్రికి కబురు చేయుడు.