గాలివాన రాకముందే కట్టుకోవలసిన మూట
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనది కోస్తా ప్రాంతం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలాది ప్రాణాలను పొట్టన పెట్టుకున్నది. 1990 మేలో, 1996 నవంబరులో మళ్లీ పెద్ద తుఫానులు వచ్చాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దెబ్బకు విశాఖపట్నంలో కరెంటూ ఫోనులూ పోయాయి. సముద్రం మనకు దూరం కదా అనుకోవడానికీ వీల్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగితే విజయవాడ సింగ్ నగర్‌లో జనం మేడల మీద నిలబడి పాలకోసం, నీళ్లకోసం ఎదురుచూశారు.

ఇప్పుడు హెచ్చరిక ముందే వస్తున్నది, నిజమే. కాని అది విన్నాక అందరూ ఒక్కసారే కొట్టుమీద పడితే కొవ్వొత్తి కూడా దొరకదు. సాయం అందేదాకా కనీసం మూడు రోజులు మన ఇల్లు మనమే గడుపుకోవాలి.

మొదట నీళ్లు. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్లు అనుకోండి. ఐదుగురికి మూడు రోజులకు 60 లీటర్లు. అంటే మూతలున్న 20 లీటర్ల క్యానులు మూడు. అంత బరువు మోసుకొని ఎవరూ పరుగెత్తలేరు గదా! అందుకని ఇంట్లోనే ఉండిపోతే వాడుకునే సామాను వేరు, షెల్టరుకు పోతే చేతబట్టుకునే సంచి వేరు.

ఆ సంచిలో పొయ్యి వెలిగించకుండా తినేవి పెట్టండి: అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు, బెల్లం, ఖర్జూరాలు, తాగడానికి రెండు మూడు సీసాల నీళ్లు. టార్చి, విడిగా బ్యాటరీలు, చిన్న రేడియో, పాలిథిన్‌లో చుట్టిన అగ్గిపెట్టె, సబ్బు, ఒక జత బట్టలు, ఆడవాళ్ల నెలసరి గుడ్డలు ఉండాలి. కరెంటు పోతే ఏటీఎం పనిచేయదు, ఫోనుతో డబ్బు కట్టడమూ కుదరదు. కాబట్టి కొంత చిల్లర ఉంచండి.

బి.పి., షుగరు మాత్రలు వారానికి సరిపడా డాక్టరు చీటీతో సహా పెట్టాలి. వరద తరువాత విరేచనాలు పట్టుకుంటాయి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగించాలి. టీ చెంచాతో, తలకొట్టి కొలవండి. ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డలకు ప్రమాదం.

రేషను కార్డు, ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, నిఖానామా, పిల్లల సర్టిఫికెట్లు నీరు చొరని కవరులో ఉంచండి. అయినవాళ్ల ఫోను నంబర్లు, 112, 108 కాగితం మీద రాసిపెట్టండి. ఇల్లు వదిలేముందు మెయిన్ స్విచ్చి, గ్యాసు కట్టేయడం మరవకండి.

ఇంకొక్క మాట. ఈ సంచి ఎక్కడున్నదో ఇంటి మగాయన ఒక్కడికే తెలిస్తే చాలదు. ఆ వేళకు ఆయన కువైట్‌లో ఉండవచ్చు. కోడలికీ తెలియాలి, పదేళ్ల పిల్లకూ తెలియాలి. మంచాన ఉన్న నానమ్మను ఎవరెత్తుకోవాలో ఇప్పుడే తేల్చుకోండి.

ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరు మొదట్లో ఒకసారి సంచి విప్పి పాతవి తీసి కొత్తవి పెట్టండి. కొనుక్కోలేని ఇల్లు, మగదిక్కు లేని ఇల్లు ప్రతి వీధిలోనూ ఉంటుంది. మనింటికి ఒక సంచి కట్టినప్పుడు ఆ ఇంటికీ ఒకటి కడదాం. సంఘమంటే అదే గదా!