తాళంచెవి ఎవరి చేతికిస్తారు?

 

పట్టాలు అందుకున్న మీలో కొందరు ఇళ్ల నిర్వహణ వ్యాపారం పెడతామంటున్నారట. సంతోషం. మణికొండలోనో కూకట్‌పల్లిలోనో ఫ్లాటు కొని, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్నవాళ్లు మనకు కొత్తకాదు. బాగోగులు బావమరిదికి అప్పగించి విమానమెక్కుతారు. కొన్నాళ్లకు ఫ్లాటు బాగానే ఉంటుంది, బంధుత్వమే చెడుతుంది! మీ మొదటి కస్టమరు ఆ బావమరిది విసుగులోంచే వస్తాడు.

కరపత్రాలు పంచండి, ఫేస్‌బుక్‌లో ప్రకటనలివ్వండి, స్తోమత ఉంటే రెండేళ్లకోసారి జరిగే తానా మహాసభల్లో స్టాలూ పెట్టండి. కాదనను. కానీ ప్రకటన చూసి తాళంచెవి ఎవరూ ఇవ్వరు. పని చూసి ఇస్తారు. బ్రోకరైతే ఇంట్లో అద్దెకు మనిషిని దించి, కమీషన్ తీసుకుని వెళ్లిపోతాడు. మీ పని ఆ మర్నాడు మొదలవుతుంది.

బాత్రూం పైపు కారి కింది ఫ్లాటు సీలింగుకు చెమ్మ పట్టిందనుకోండి. మనకు మధ్యాహ్నం, డాలస్‌లో అర్ధరాత్రి. యజమాని నిద్ర లేచేసరికి చెమ్మ ఫొటో, ప్లంబరు అడిగిన కూలి ఫోన్‌లో ఉండాలి. పనయ్యాక మార్చిన పైపు ఫొటో, కొట్టు బిల్లు పంపాలి. అడగకముందే వచ్చిన ఆ బిల్లును ఆయన స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఇక్కడ ఫ్లాట్లున్నవాళ్లు ఆ గ్రూపులో ఇంకొందరుంటారు. అంతకన్నా మంచి ప్రకటన నాకు తెలియదు.

ఆడిటర్లను కూడా పరిచయం చేసుకోండి. యజమాని ప్రవాసి అయితే అద్దెకుండేవాళ్లే టీడీఎస్ కోసి కట్టాలి, అదీ 30 శాతానికి పైనే. అద్దె తక్కువే కదా అంటే కుదరదు. ఇది తెలియక, నోటీసు వచ్చాక లబోదిబోమనేవాళ్లున్నారు. అందుకు కావలసిన టాన్ నంబరు తీసుకోవడం దగ్గర్నుంచి అద్దెదారుకు ఓపిగ్గా చెప్పి చేయించగలిగితే, ఆడిటర్లే మీ దగ్గరికి మనుషుల్ని పంపుతారు.

ఇక వాచ్‌మన్. ఏ ఫ్లాటు ఖాళీ అవుతోందో అసోసియేషన్ కార్యదర్శి కన్నా ముందు ఆయనకే తెలుస్తుంది. డబ్బిచ్చి కబుర్లు కొనమనడం లేదు, మర్యాదగా పలకరించమంటున్నాను.

డిసెంబరు నుంచి సంక్రాంతి దాకా చాలామంది ప్రవాసులు ఊళ్లోనే ఉంటారు. వాళ్లు దిగేలోపు, మీ పిన్నిగారి ఫ్లాటైనా సరే, ఒక్కదాని లెక్క రూపాయితో సహా చూపించేలా సిద్ధం చేసుకోండి.