పాట కింద ఎవరి పేరు?

నల్లమల నడుమ, అమ్రాబాద్‌లో జానపద సాహిత్య సభ పెట్టుకుంటే అధ్యక్షుడు లేచి ఇంగ్లండ్ బ్యాండు ఊసెత్తుతున్నాడేమిటని మీకు అనిపించవచ్చు. కాసేపు ఓర్చుకోండి, కిన్నెర దగ్గరికే వస్తున్నాను.

1961లో లండన్ దాపున డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్లో ఇద్దరు కుర్రాళ్లు కలిశారు. మిక్ జాగర్ చంకలో చికాగో చెస్ కంపెనీ రికార్డులున్నాయి. అవి చూసి కీత్ రిచర్డ్స్ మాట కలిపాడు. మరుసటేడు రోలింగ్ స్టోన్స్ పుట్టింది. బ్యాండుకు ఆ పేరు మడ్డీ వాటర్స్ పాట నుంచే వచ్చింది. ఆయన మిసిసిపీ పత్తిచేలల్లో పెరిగి, చికాగోకు వలసపోయిన నల్లజాతి గాయకుడు. వలస సంగతి పాలమూరుకు వేరే చెప్పాలా!

విల్లీ డిక్సన్ రాసి, హౌలిన్ వుల్ఫ్ పాడిన ‘లిటిల్ రెడ్ రూస్టర్’ను 1964లో స్టోన్స్ పాడితే బ్రిటన్‌లో మొదటి స్థానానికెక్కింది. మరుసటేడు ‘షిండిగ్’ అనే అమెరికన్ టీవీ కార్యక్రమం వాళ్లను పిలిచింది. వుల్ఫ్‌ను కూడా పిలవాలని స్టోన్స్ పట్టుబట్టారు. యాభై నాలుగేళ్ల ఆ భారీ మనిషి పాడుతుంటే వీళ్లు ఆయన కాళ్ల దగ్గర కూర్చుని విన్నారు. నాకు వాళ్ల పాటలన్నిటికన్నా ఆ కూర్చోవడమే నచ్చింది.

అందరూ అట్లా లేరు. లెడ్ జెప్పెలిన్ బ్యాండు 1969 నాటి ‘హోల్ లొట్టా లవ్’లో తన పాట ఉందని డిక్సన్ 1985లో కోర్టుకెక్కాల్సి వచ్చింది. 1987లో రాజీ కుదిరింది.

ఇక మన ముచ్చట. లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీటుతూ జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడతాడు. వెదురు బొంగు, ఎండిన సొరబుర్రలు, తేనెమైనం: ఆ వాద్యానికి కావలసిన సామానులో సగం అడవిదీ పెరడుదీ. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట మొదట్లో సంగీత దర్శకుడు తమన్ ఆయన చేతనే పాడించాడు. మరో గాయకుడితో ఆ గొంతును అనుకరింపజేయలేదు, మెచ్చుకోవాలి. 2022లో మొగులయ్యకు పద్మశ్రీ వచ్చింది. అయినా రెండేళ్లు దాటేసరికి ఆయన కూలిపనికి పోతున్నాడని పత్రికల్లో చదివాం. పేరొస్తే చాలదన్నమాట, పైకమూ రావాలి.

మొగులయ్య సరే, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలి కళాకారులు ఎందరి పేర్లు మనకు తెలుసు? మన సంకలనాల్లో ‘సేకరణ’ అని పండితుడి పేరు అచ్చవుతుంది. పాడిన మనిషి ‘ఒక జానపదుడు’గా మిగిలిపోతాడు. ఈ పద్ధతి నాకు బొత్తిగా నచ్చదు.

అందుకే ఫోన్లలో పాటలు పట్టే యువకులకు నా విన్నపం. పాడినవారిని అడిగి, ఒప్పుకుంటే వారి పేరు, ఊరు ముందు రాయండి, ఆ తర్వాతే మీ పేరు. సినిమావాళ్లు వస్తే రాబడిలో వాటా ఎంతో కాగితం మీద రాయించి, పాడినవారికి చదివి వినిపించాకే వేలిముద్ర వేయించండి.