ఇంటి గంటకు ముందు పది నిమిషాలు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



పాఠాల గురించి, ఫలితాల గురించి పెద్దలు చెప్పారు. నేను ఇంటి గంటకు ముందు ఉండే పది నిమిషాల గురించి చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పది నిమిషాలూ నాకు బస్సు తొందరే. ఒక సాయంత్రం ఐదో తరగతి కుర్రాడొకడు, అందరూ వెళ్లిపోయినా నా బల్ల దగ్గరే నిలబడ్డాడు. "రేపు చెబుదువులేరా" అని సంచి తగిలించుకున్నాను. మర్నాడు వాడు రాలేదు. వారం చూసి కొండెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. తండ్రికి జబ్బు చేసిందనీ, పిల్లవాడు పశువుల వెంట వెళుతున్నాడనీ చెప్పారు. ఆ సాయంత్రం వాడు చెప్పాలనుకున్నది అదే కాబోలు. మళ్లీ బడికి రాలేదు.

అప్పటినుంచి ఆ పది నిమిషాలు పిల్లలకే ఇచ్చేశాను. గుండ్రంగా కూర్చునేవాళ్లం. ప్రశ్నలు రెండే. ఈ రోజు నీకు కొత్తగా ఏం తెలిసింది? ఇంట్లో ఎవరికి చెబుతావు? మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. ఒక పిల్ల మాత్రం, "మా అమ్మకు తెలుగు రాదు మాస్టారూ, ఎలా చెప్పను?" అంది. "మీ మాటల్లోనే చెప్పు. ముందు ఇక్కడ చెప్పి చూడు" అన్నాను. ఆనాటినుంచి మన తరగతిలో కువి, ఆదివాసీ ఒడియా వినిపించాయి. నాకు అర్థం కానిది పిల్లలే తెలుగులో చెప్పేవారు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వీలు కల్పించాలని రాజ్యాంగం 350-ఏ అధికరణంలో ఉంది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు చెప్పే కార్యక్రమం మొదలైనప్పుడు నాకు ఆ పిల్ల ప్రశ్నే గుర్తొచ్చింది.

తర్వాత రోజూ ఇంటికొక ప్రశ్న పంపాం. కొలతల పాఠం రోజు, "మీ చేనుకు చోడి విత్తనం ఎంత పడుతుంది?" అని అడగమన్నాను. జవాబులు కుంచాల్లో, మానికల్లో వచ్చాయి. నాలుగు మానికలు ఒక కుంచమని నల్లబల్ల మీద రాసి, లెక్కలు అక్కడినుంచే ఎత్తుకున్నాను. హాస్టల్ పిల్లలు ప్రశ్నను దాచుకుని, సంతకు వచ్చిన అమ్మానాన్నల్ని అడిగేవారు. ఎప్పుడూ గేటు బయటే నిలబడే ఒక తల్లి ఆ వారం లోపలికొచ్చింది. "నేను చెప్పిన లెక్క సరిగ్గా రాశారా?" అని కూతురి చేత అడిగించింది. కాపీ తీసి చదివి వినిపించాను. తల ఊపి వెళ్లింది.

ఇవాళ మీలో ఉపాధ్యాయులున్నారు, తల్లిదండ్రులున్నారు. మార్కులెన్ని అని అడిగే ముందు, ఈ రోజు ఏం తెలిసిందని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. బల్ల దగ్గర పిల్లవాడు నిలబడితే సంచి కింద పెట్టండి.

ఆ కుర్రాడు ఇప్పుడు నడివయసువాడై ఈ కొండల్లోనే ఎక్కడో ఉంటాడు. మీలో ఎవరికైనా కనిపిస్తే, మాస్టారు అడిగారని చెప్పండి.

సెలవు.