బుడ్డలూ, మూత్రపిండాల జబ్బూ



వ్యవసాయం మాటలు చెప్పవలసినవాడు మూత్రపిండాల సంగతి యెత్తుకున్నాడేమిటని మీకు తోచవచ్చు. నేను వైద్యుణ్ణి కాను, వ్యవసాయంలో డిప్లొమా చదివినవాణ్ణి. అయితే గుంతకల్లు చుట్టుపట్ల పల్లెల్లో తిరిగేటప్పుడు రైతులు విత్తనం గురించి అడిగినంత చనువుగానే వొంట్లో బాధను గురించీ అడుగుతారు. పోయిన యేడు వేరుశనగ కట్టె పీకి వామి వేస్తున్న రోజుల్లో ఒక పెద్దాయన నన్ను నిలవేశాడు.

“ఏం సార్, నా చేన్లో పండిన బుడ్డలు నేనే తినగూడదంటనే! యిదేం న్యాయం?”

ఆయనకు చాలా యేండ్లుగా చక్కెర జబ్బు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని పరీక్షలో తేలింది, డయాలిసిస్ దాకా యింకా పోలేదు. పప్పు, బుడ్డలు, పాలు అన్నీ విషమేనని ఎవరో చెబితే యింట్లోవాళ్లు అన్నీ మానిపించారు. ఆరు నెలలు వట్టి అన్నమూ, చారూ. మనిషి యెండుపుల్ల అయిపోయాడు. అదే వూళ్లో యింకొకాయన, డయాలిసిస్ మీద వున్నవాడు, గింజలు మంచివని ఎవరో అన్నారని దినమూ వుప్పు వేసి వేయించిన బుడ్డలు తిన్నాడు. దాహానికి ఆగలేక నీళ్లు తాగాడు. కాళ్లు వాచి, ఆయాసంతో రాత్రికి రాత్రి ఆస్పత్రికి తీసుకుపోవలసి వచ్చింది. ఒకే గింజ, యిద్దరినీ చెరొక విధంగా కష్టపెట్టింది.

సంగతి మన భాషలోనే చెప్పుకుందాం. చేనుకు మనం వేసేవి ముఖ్యంగా మూడు: నత్రజని, భాస్వరం, పొటాష్. బుడ్డ ఆ మూడింటినీ గింజలో దాచుకుంటుంది. మాంసకృత్తుల్లో వుండేది నత్రజనే గదా! మన వొంట్లో వాడుక అయిపోయిన నత్రజనినీ, మిగులు భాస్వరాన్నీ, మిగులు పొటాషునూ బయటికి పంపే పని ముఖ్యంగా మూత్రపిండాలది. మురుగు కాలువ పూడిన మడిలో నీళ్లు నిలిచినట్టు, అవి చెడినప్పుడు యీ మూడూ రక్తంలో నిలుస్తాయి. పొటాషు మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికే వస్తుంది. భాస్వరం పెరిగితే యెముకలు గుల్లబారతాయి, రక్తనాళాలు గట్టిపడతాయి.

మరి యెంత వుంటుంది? ఒలిచిన గింజలు ఒక పిడికెడు, అంటే సుమారు 30 గ్రాములు అనుకోండి. అందులో మాంసకృత్తులు 7, 8 గ్రాములు, పొటాషియం 200 మిల్లీగ్రాములకు కొంచెం పైన, భాస్వరం 110 మిల్లీగ్రాములు. యెండకు తాళలేక రోగికి మనం ప్రేమగా యిచ్చే పెద్ద గ్లాసు కొబ్బరినీళ్లలో పొటాషియం దీనికి రెండింతలు దాటుతుంది. బుడ్డలంటే భయపడేవాళ్లు కొబ్బరినీళ్లంటే భయపడరు, అదీ విచిత్రం!

భాస్వరం విషయంలో యింకొక మెలిక వుంది. రాక్ ఫాస్ఫేటు వేస్తే పైరుకు త్వరగా అందదు, డి.ఏ.పి. వేస్తే వెంటనే అందుతుంది గదా. గింజల్లోని భాస్వరం చాలామటుకు ఫైటేట్ అనే రూపంలో బిగిసి వుంటుంది. దాన్ని విడదీసే శక్తి మన పేగులకు తక్కువ, కాబట్టి కొంత భాగమే రక్తంలో చేరుతుంది. నల్లటి కూల్ డ్రింకుల్లోనూ, నిలవవుండే ప్యాకెట్ తిండిలోనూ కలిపే ఫాస్ఫేటు మాత్రం డి.ఏ.పి. వంటిది, దాదాపు అంతా యెక్కుతుంది. అందుచేత కాగితం మీద అంకె ఒకటే అయినా వొంటికి రెండూ ఒకటి కావు.

అమెరికాలో 2003 నుండి 2006 వరకు జరిగిన ఆరోగ్య సర్వే లెక్కలను పరిశీలిస్తే, గింజలు తినే అలవాటున్న మూత్రపిండ రోగుల్లో మరణాలు తక్కువగా కనిపించాయి. అంతమాత్రాన అది మందని అనడానికి లేదు. గింజలు తినేవాళ్లకు తక్కిన అలవాట్లూ మంచివై వుండవచ్చు.

ఎంత తినవచ్చుననేది రోగపు దశను బట్టి వుంటుంది. డయాలిసిస్ లేని రోగికి కిలో బరువుకు 0.8 గ్రాముల మాంసకృత్తులు చాలునని 2024 నాటి అంతర్జాతీయ సూచన. యాభై కిలోల మనిషికి రోజుకు 40 గ్రాములు, అందులోనే జొన్నరొట్టె, పప్పు, పెరుగు అన్నీ లెక్క. డయాలిసిస్ మొదలైతే లెక్క తిరగబడుతుంది, 50 నుండి 60 గ్రాములు కావాలి. ఆ దశలో పప్పూ, బుడ్డలూ పూర్తిగా మానిపించడం మనిషిని కృశింపజేయడమే. కాని పొటాషు యెక్కువగా వున్నదని రక్తపరీక్షలో వస్తే ఆ పిడికెడు కూడా ఆపవలసిందే. కాబట్టి పరీక్ష చీటీ చూపించి, “నా పొటాషియం యెంత, భాస్వరం యెంత, బుడ్డలు యెన్ని తినొచ్చు?” అని డాక్టరుగారిని నోరు తెరిచి అడగండి. రాళ్ల జబ్బు వేరు, దాని పథ్యం వేరు.

వుప్పు దగ్గర మాత్రం రాజీ లేదు. రోజు మొత్తానికి 5 గ్రాములు, ఒక చిన్న చెంచాడు. వుప్పుబుడ్డలు, కారంబుడ్డలు వద్దు. సోడియం తక్కువని అమ్మే వుప్పులో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు, మూత్రపిండ రోగికి అది మరీ ప్రమాదం. పచ్చికాయలను వుప్పు లేకుండా యెక్కువ నీళ్లలో వుడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషు కొంత పోతుంది. నూనెలో యీ మూడూ దాదాపు వుండవు, చెక్కలోనే మిగిలిపోతాయి.

ఇక నా సొంత శాఖ మాట. పంట చివర్లో వాన మొగం చాటేస్తే నేలలో వున్న కాయకే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్ష దాకా టర్కీ కోళ్లు చచ్చింది యిటువంటి వేరుశనగ చెక్క తినే. మన నేలలో అట్లాంటి కరువు యేడాది విడిచి యేడాది వస్తూనే వుంటుంది. మంచి కాయ మండీకి పోయి, ముడుచుకున్నదీ, నల్లబడిందీ యింట్లో తినడానికి మిగలడం మన యిళ్లలో వాడుక. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. రోగి వున్న యింట్లోనైనా ఆ వాడుక మార్చండి. కాయలు గలగలలాడేదాకా ఆరబెట్టి, గట్టి గింజలే ఒక డబ్బాలో వేరుగా వుంచండి.

జీడిమామిడి తోటల ప్రాంతమైన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో యీ జబ్బు యెందరినో పట్టింది. జీడిపప్పు తిన్నందుకు వచ్చిందని దీనికి అర్థం కాదు. మూలకారణం యింకా తేలలేదు. అక్కడివారికోసం 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేక ఆస్పత్రి తెరిచారు. మన వైపు చక్కెర జబ్బూ, రక్తపుపోటూ, అంగట్లో అడిగి మింగే నొప్పి మాత్రలూ చాలామందిని ఆ దారి పట్టిస్తున్నాయి.

ఆ పెద్దాయన సంగతి చెప్పలేదు గదా. రక్తపరీక్ష చేయించుకున్నాడు. పొటాషు హద్దులోనే వున్నదని డాక్టరుగారు కొంచెం పప్పు, వారంలో నాలుగు దినాలు ఒక పిడికెడు బుడ్డలు ఒప్పుకున్నారు. పిడికెడు యెవరిదని యింట్లో తగువొచ్చిందట. ఆయన చెయ్యి పెద్దదని, కొలత పెద్దమ్మ చేతికే అప్పగించారు.